ఇంట గెలిచి రచ్చ గెలిచిన లింకన్

అబ్రహాం లింకన్ తన జీవితాన్ని గురించి తాను వ్రాసుకొన్నది బహు స్వల్పం. 1859 డిసెంబరులో ఒక మిత్రుని కోరికపై వ్రాసి ఇచ్చిన స్వీయచరిత్ర కొద్ది పుటలకు మించదు. తాను నిర్వహించిన పదవులను ఒక్కొక్క వాక్యంతో ముగించిన ఆ చిన్న రచనలో, ఒక ఓటమిని మాత్రం అతడు మరువకుండా పేర్కొన్నాడు. ప్రజలు స్వయంగా వోటు వేసిన ఎన్నికలలో తనను ఓడించినది ఆ ఒక్కసారే అని చెప్పుకొన్నాడు. అది దేశాధ్యక్ష పదవికి జరిగిన ఎన్నిక కాదు. కాంగ్రెసుకు జరిగిన ఎన్నికా కాదు. 1832 లో ఇల్లినాయిస్ రాష్ట్ర శాసనసభకు ఒక కౌంటీ తరఫున సభ్యులను పంపడానికి జరిగిన ఎన్నిక. అప్పటికి లింకన్ వయస్సు 23 ఏళ్లు. చేతిలో ధనం లేదు. వెనుక బంధుబలగం లేదు. చెప్పుకోదగిన చదువు లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలువమన్నారు మన పెద్దలు. ఆ సామెతకు లింకన్ తొలి ఎన్నిక ఒక వ్యాఖ్యానం వంటిది. ఆనాడు అతడు ఇంట గెలిచాడు, రచ్చ ఓడాడు. ఆ రెంటికీ నడుమ ఉన్న దూరాన్ని రెండేళ్లలో కాలినడకన దాటాడు. ప్రపంచమెరిగిన లింకన్ రూపొందినది ఆ రెండేళ్లలోనే అనడం అతిశయోక్తి కాదు.

1809 ఫిబ్రవరి 12 వ తేదీన కెంటకీ రాష్ట్రంలో ఒక దుంగల గుడిసెలో లింకన్ జన్మించాడు. అతనికి ఏడేళ్ల వయస్సులో తండ్రి కుటుంబాన్ని ఇండియానా అడవులకు తరలించాడు. తొమ్మిదవ ఏట తల్లి మరణించింది. మారుటితల్లి సారా ఆ పిల్లవానిని కన్నతల్లివలె ఆదరించి, చదువుకొనే కోరికను చల్లారనీయకుండా కాపాడింది. వివిధ కాలాలలో బడికి వెళ్లిన దినాలన్నీ కూడితే ఒక ఏడాదికి కూడ చాలవు. గొడ్డలి పట్టి చెట్లు నరకడం, కంచెకు దుంగలు చీల్చడం, కూలికి పొలం దున్నడం అతని యౌవన విద్య. 1830 లో కుటుంబం ఇల్లినాయిస్‌కు వలస వచ్చింది. మరుసటి ఏడు లింకన్ తండ్రి ఇల్లు విడిచి తన బ్రతుకు తాను చూసుకొన్నాడు.

అతడు న్యూ సేలం గ్రామానికి చేరిన తీరు విచిత్రమైనది. 1831 ఏప్రిల్‌లో సరుకు నింపిన బల్లపడవను న్యూ ఆర్లియన్సుకు తీసుకొనిపోతుండగా, సాంగమాన్ నదిపై ఆ గ్రామం వద్దనున్న పిండిమర ఆనకట్ట మీద ఆ పడవ చిక్కుకొన్నది. ముందు భాగం గాలిలో తేలి, వెనుక భాగంలోకి నీరు చేరసాగింది. గ్రామస్థులు గట్టున నిలిచి వినోదం చూస్తున్నారు. పొడుగాటి యువకుడొకడు సరుకులో కొంత దింపించి, పడవ ముందు భాగాన ఒక రంధ్రం తొలిచి, చేరిన నీరు అటునుంచి కారిపోయేట్టు చేసి, దానిని ఆనకట్ట దాటించాడు. ఆ వేసవిలో అతడు తిరిగి వచ్చి అదే గ్రామంలో ఒక అంగడిలో గుమాస్తాగా కుదిరాడు.

న్యూ సేలం స్ప్రింగ్‌ఫీల్డు పట్టణానికి వాయవ్యంగా సుమారు ఇరవై మైళ్ల దూరాన, నది ఒడ్డున మెట్ట మీద వెలసిన చిన్న పల్లె. ఇండ్లన్నీ కలిపి రెండు మూడు డజన్లకు మించవు. ఒక పిండిమర, ఒకటి రెండు అంగళ్లు, ఒక కమ్మరి కొలిమి, ఒక సారాయి దుకాణం, ఒక బడి. చుట్టుపట్ల పొలాల వారందరికీ అదే సంత. సమీపాన క్లారీస్ గ్రోవ్ అనే పేటలోని యువకులు మొరటువారని పేరు పడ్డారు. వారి నాయకుడు జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్ కొత్తగా వచ్చిన గుమాస్తాను కుస్తీకి పిలిచాడు. ఆ పోటీలో ఎవరు గెలిచారన్న విషయంలో చూచినవారి జ్ఞాపకాలు ఏకీభవించవు; కాని ఆనాటితో ఆర్మ్‌స్ట్రాంగ్, అతని అనుచరులు లింకన్‌కు ఆప్తులయ్యారన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. మరొక వంక బడిపంతులు మెంటర్ గ్రాహం అతని చదువుకు తోడు నిలిచాడు. వ్యాకరణం నేర్వదలచిన లింకన్, ఒక రైతు వద్ద ఆ గ్రంథమున్నదని విని, ఆరు మైళ్లు నడిచి వెళ్లి తెచ్చుకొన్నాడట. ఊరిలోని వాదసభలో నిలిచి మాట్లాడడం కూడ అతడు అక్కడే అభ్యసించాడు. ఏడాది తిరుగక ముందే శాసనసభకు నిలువవలసిందిగా గ్రామపెద్దలు అతనిని ప్రోత్సహించారు.

ఆనాటి ఎన్నికల పద్ధతి నేటి విద్యార్థికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇల్లినాయిస్‌లో అప్పుడు రహస్య వోటింగు లేదు. వోటరు అధికారుల ముందు నిలిచి, తాను ఎవరికి వోటు వేస్తున్నాడో అందరూ వినునట్లు పేరు పలకాలి. గుమాస్తా దానిని పుస్తకంలో వ్రాసుకొనేవాడు. 21 ఏళ్లు నిండి, ఆరు నెలలుగా రాష్ట్రంలో నివసిస్తున్న తెల్లజాతి పురుషులందరికీ వోటు ఉండేది; ఆస్తి ఉండనక్కరలేదు. స్త్రీలకు గాని, నీగ్రోలకు గాని ఆ హక్కు లేదు. ఇరుగుపొరుగు వింటుండగా పేరు పలుకవలసిన చోట, అభ్యర్థి ఎవరికీ తెలియనివాడైతే ఎవరు మాత్రం నోరు తెరిచి అతని పేరు పలుకుతారు? లింకన్ ఎదుట ఉన్న చిక్కు అదే. సాంగమాన్ కౌంటీ ఆ రోజులలో అతి విశాలమైనది. తరువాతి కాలంలో దానినుంచి వేరే కౌంటీలను విడదీయవలసి వచ్చింది. ఆ కౌంటీకి శాసనసభలో నాలుగు స్థానాలు. పోటీ చేసినవారు 13 మంది.

1832 మార్చి 9 వ తేదీతో లింకన్ వోటర్లకు ఒక విజ్ఞప్తి వ్రాశాడు. స్ప్రింగ్‌ఫీల్డు పత్రికలో అది అచ్చయింది. అందులో దేశ రాజకీయాల ప్రస్తావన దాదాపు లేదు. ఆ ప్రాంతపు రైతుకు ఆనాడు ఉన్న పెద్ద కష్టం ధాన్యం పండించడం కాదు. పండిన ధాన్యాన్ని అమ్ముకొనే చోటికి చేర్చడం. రైలు మార్గం వేయాలని కొందరు కోరుతున్నారు. రైలు మంచిదేనని లింకన్ ఒప్పుకొన్నాడు. కాని అంచనా ప్రకారం దానికి 2,90,000 డాలర్లు కావాలి, ఆ మొత్తం ఈ కౌంటీ భరించలేనిదని చూపాడు. దానికి బదులు సాంగమాన్ నదిలో అడ్డుదుంగలు తొలగించి, వంకరలున్న చోట సూటికాలువ త్రవ్వితే పడవలు నడుస్తాయని వాదించాడు. నది లోతుపాతులను గురించి ఆ కౌంటీలో తనకంటె ఎక్కువ ఎరిగినవారు తక్కువ అని చెప్పడానికి అతనికి అర్హత ఉన్నది. పడవ నడిపినవాడు, పిండిమరలో పని చేసినవాడు, ఏడాది పొడుగునా నీటిమట్టం గమనించినవాడు. అధిక వడ్డీలను అరికట్టే చట్టం కావాలన్నాడు. ప్రతి వ్యక్తికీ తన దేశ చరిత్ర చదివి గ్రహించగలిగినంత విద్య అందడం ప్రజల ముందున్న విషయాలన్నింటిలో ముఖ్యమని భావించాడు. చివరకు, తనకు ధనికులైన బంధువులు గాని సిఫారసు చేసే మిత్రులు గాని లేరనీ, ప్రజలు తనను వెనుక ఉంచదలచుకొంటే నిరాశలు తనకు కొత్త కాదనీ సవినయంగా ముగించాడు.

ఆ నెలలోనే అతని వాదానికి పరీక్ష వచ్చింది. టాలిస్‌మన్ అనే చిన్న స్టీమరు సాంగమాన్ నదిలో ప్రవేశించింది. కొమ్మలు నరికి దారి చేయడానికి గొడ్డళ్లు పట్టుకొని వెళ్లినవారిలో లింకన్ ఒకడు. స్టీమరు స్ప్రింగ్‌ఫీల్డు సమీపపు రేవు చేరినప్పుడు జనం సంబరాలు చేసుకొన్నారు. కాని వారం రోజులలో నది తీసింది. స్టీమరును వెనుకకు నడిపించే పని లింకన్‌కూ, అతని మిత్రుడు రోవన్ హెర్న్‌డన్‌కూ అప్పగించారు. తిరుగు ప్రయాణంలో న్యూ సేలం ఆనకట్టలో కొంత భాగాన్ని పడగొట్టవలసి వచ్చింది. ఒక్కొక్కరికి 40 డాలర్ల కూలి దక్కింది. నది మాత్రం ఎన్నడూ నౌకామార్గం కాలేదు. లింకన్ తన తొలి ఎన్నికలో ఇచ్చిన ముఖ్యమైన వాగ్దానం నిజాయితీతో ఇచ్చినదే అయినా, ప్రకృతి దానికి లొంగలేదు.

ఇంతలో అతడు పని చేసే అంగడి మూతపడే స్థితికి వచ్చింది. ఏప్రిల్‌లో బ్లాక్ హాక్ అనే వృద్ధ నాయకుని వెంట సాక్ జాతివారు తమ పూర్వపు భూములకు నదిని దాటి తిరిగి వచ్చారు. గవర్నరు సైన్యానికి స్వచ్ఛంద యువకులను పిలిచాడు. లింకన్ చేరాడు. తమ కెప్టెన్‌ను సైనికులే ఎన్నుకోవాలి. పోటీపడిన ఇద్దరూ ఎదురుగా నిలిచారు. ఎవరికి ఎవరు ఇష్టమో వారి వెనుక వరుస కట్టారు. క్లారీస్ గ్రోవ్ యువకులతో మొదలై అత్యధికులు లింకన్ వెనుక నిలిచారు. ఆ తరువాత పొందిన ఏ విజయమూ తనకంత తృప్తి ఇవ్వలేదని అతడు అధ్యక్ష పదవికి పోటీ చేసే నాటికి కూడ చెప్పుకొనేవాడు. యుద్ధంలో అతడు పోరు చూడలేదు. ఆకలిని, దోమలను మాత్రం చూశాడు. జూలై 10 వ తేదీన సైన్యంనుంచి విడుదల అయ్యేసరికి అతని గుఱ్ఱాన్ని ఎవరో దొంగిలించారు. కొంత దూరం నడిచి, కొంత దూరం పడవ మీద ఇల్లు చేరాడు.

ఎన్నిక ఆగస్టు 6 వ తేదీన. ప్రచారానికి మిగిలినది రెండు వారాలు. ఆ కొద్ది వ్యవధిలో ఎండుగడ్డి కోస్తున్న పొలాలకూ, వేలం పాటలకూ, సంతలకూ వెళ్లి కనబడినవారితో మాటలాడాడు. పొట్టిచేతుల చొక్కా, చీలమండలు కనిపించే పంట్లాము, గడ్డిటోపీ—ఇదీ అభ్యర్థి వేషం. పాప్స్‌విల్ అనే చోట అతడు ప్రసంగం ఆరంభించబోతుండగా గుంపులో తగవు లేచి, తన మిత్రునొకనిని కొట్టడం చూసి, వేదిక దిగి వెళ్లి ఆ కొట్టినవానిని మెడపట్టి దూరంగా విసిరి, తిరిగి వేదికనెక్కి మాటలాడాడని ఒక కథ వాడుకలో ఉన్నది. ప్రసంగం మాత్రం చాల చిన్నదట.

ఫలితం వెలువడింది. 13 మందిలో లింకన్‌కు ఎనిమిదవ స్థానం, 657 వోట్లు. అతడు ఓడిపోయాడు. కాని లెక్కను విడదీసి చూస్తే వేరొక సత్యం కనిపిస్తుంది. న్యూ సేలం కేంద్రంలో పోలైన 300 వోట్లలో 277 లింకన్‌కే వచ్చాయి. అతడు హెన్రీ క్లే పక్షంవాడు. న్యూ సేలం వోటర్లలో అధికులు అధ్యక్షుడు జాక్సన్ పక్షంవారు. కొద్ది నెలల తరువాత జరిగిన అధ్యక్ష ఎన్నికలో అదే గ్రామం జాక్సన్‌కు ఆధిక్యం ఇచ్చింది. అంటే పక్షం వేరైనా, మనిషిని ఎరిగినవారు మనిషికే వోటు వేశారన్నమాట. తక్కిన విశాలమైన కౌంటీ అంతా కలిసి అతనికిచ్చినవి 380 వోట్లు. అక్కడివారికి అతడు పత్రికలో అచ్చయిన ఒక పేరు మాత్రమే.

ఇట్టి ఫలితాన్ని చూసి ఒకడు తన ఊరిని పొగడుకొని ఊరుకొంటాడు. మరొకడు లోకాన్ని నిందిస్తాడు. లింకన్ ఈ రెండూ చేయలేదు. ఎరిగినవారు వోటు వేశారు, ఎరుగనివారు వేయలేదు; కనుక ఎరుగనివారు ఎరిగేటట్లు బ్రతకాలి. తరువాతి రెండేళ్లూ ఈ పని జరిగింది. దీనినంతటినీ ముందుగా ఎన్ని ఎన్నుకొని చేశాడనలేము. చాలవరకు పొట్టకూటి కోసం పట్టిన వృత్తులే అతనిని ఇంటింటికీ తీసుకొని వెళ్లాయి.

మొదట బెర్రీ అనే భాగస్వామితో అంగడి పెట్టాడు. అది మునిగింది. భాగస్వామి మరణించగా సుమారు 1,100 డాలర్ల ఋణం లింకన్ మీద పడింది. ఆ సరిహద్దు ప్రాంతంలో అప్పులవారు రాత్రికి రాత్రి ఊరు దాటిపోవడం వింత కాదు. లింకన్ ఊరు దాటలేదు. జాతీయ ఋణమని దానిని హాస్యమాడుతూ, దాదాపు పదిహేనేళ్ల పాటు తీరుస్తూ వచ్చి పూర్తిగా తీర్చాడు. ఒక ఋణదాత కోర్టు ద్వారా అతని గుఱ్ఱాన్నీ, సర్వే పరికరాలనూ వేలానికి పెట్టించినప్పుడు, జేమ్స్ షార్ట్ అనే పొరుగు రైతు వాటిని కొని అతనికే తిరిగి ఇచ్చాడు. పొరుగువారి విశ్వాసానికి ఇంతకంటె కొలమానం లేదు.

1833 మే 7 వ తేదీన న్యూ సేలంకు పోస్టుమాస్టరుగా అతనిని నియమించారు. జీతం అత్యల్పం, కాని వచ్చిన పత్రికలన్నీ చదువుకొనే అవకాశం గొప్పది. దూరపు పొలాలవారికి ఉత్తరం వస్తే, దానిని టోపీలో పెట్టుకొని తానే నడిచి వెళ్లి అందించేవాడు. అదే ఏటి చివర కౌంటీ సర్వేయరు జాన్ కాల్హౌన్ అతనిని తన సహాయకునిగా తీసుకొన్నాడు. కాల్హౌన్ ఎదుటి పక్షంవాడు. ఆ ఉద్యోగం కోసం తన అభిప్రాయాలు వదలుకొననక్కర లేదని తేల్చుకొన్న తరువాతనే లింకన్ అంగీకరించాడంటారు. గణితం తెలియదు, గ్రంథాలు తెచ్చుకొని, గ్రాహం పంతులు సహాయంతో రాత్రింబగళ్లు చదివి, సర్వేశాస్త్రం నేర్చుకొన్నాడు. గొలుసూ దిక్సూచీ పట్టుకొని బాటలు, పొలాల సరిహద్దులు, కొత్త పట్టణాల వీధులు కొలిచాడు. హద్దుల తగవులలో అతని కొలతను ఇరుపక్షాలవారూ ఒప్పుకొనేవారు. మనుషులు తమ నేలను కొలిచే అధికారం ఒకని చేతికి ఇచ్చారంటే, అతనికి వోటు ఇవ్వడానికి సగం సిద్ధమైనట్లే.

1834 లో లింకన్ మరల నిలిచాడు. ఈసారి దీర్ఘమైన విజ్ఞప్తి ప్రచురించలేదు. అభ్యర్థుల జాబితాలో పేరు ప్రకటించి ఊరుకొన్నాడు. దానికి బదులు మనిషిని మనిషి కలిశాడు. ఐలండ్ గ్రోవ్ వద్ద ముప్పయి మంది గోధుమ కోస్తున్న పొలానికి వెళ్లిన సంఘటనను రోవన్ హెర్న్‌డన్ తరువాత జ్ఞాపకం చేసుకొన్నాడు. తమతో సమానంగా కోత కోయలేనివానికి వోటు వేయమని ఆ కూలీలు హాస్యమాడారట. లింకన్ పిడికొడవలి అందుకొని, వరుసకు ముందు నిలిచి, పొలం చుట్టూ కోసుకొంటూ వెళ్లాడట. ఆ గుంపులో ఒక్క వోటు కూడ అతనికి తప్పలేదని హెర్న్‌డన్ నమ్మకం. అది అభ్యర్థి వేసిన వేషం కాదు. చిన్ననాటినుంచి చేతికి అలవాటైన పని.

ఈ ఎన్నికలో అతని మనస్సును పరీక్షించిన ఘట్టం ఒకటి కలదు. జాక్సన్ పక్షంవారు న్యూ సేలం ప్రాంతంలో తమ అభ్యర్థులనిద్దరిని విడిచి లింకన్‌కు వోటు వేస్తామని ముందుకు వచ్చారు. వారి అసలు ఉద్దేశం లింకన్ పక్షంలోని మరొక అభ్యర్థి, స్ప్రింగ్‌ఫీల్డు న్యాయవాది జాన్ స్టూఅర్టును ఓడించడం. గెలుపు కోరే యువకునికి ఇది ఎదురు వచ్చిన లాభం. లింకన్ నేరుగా స్టూఅర్టు వద్దకు వెళ్లి విషయమంతా విప్పి చెప్పాడు. తన బలం మీద ధైర్యమున్న స్టూఅర్టు ఆ వోట్లు స్వీకరించవలసిందిగా సలహా ఇచ్చాడు. ఆగస్టు 4 వ తేదీన ఎన్నిక జరిగింది. డాసన్‌కు 1,390, లింకన్‌కు 1,376, కార్పెంటరుకు 1,170, స్టూఅర్టుకు 1,164 వోట్లు వచ్చి నలుగురూ గెలిచారు. రెండేళ్ల క్రితం ఎనిమిదవవాడైన లింకన్ రెండవవాడయ్యాడు. స్టూఅర్టు చివరివాడుగా గట్టెక్కాడు. చెప్పి చేసిన పని కనుక మిత్రుల మధ్య మనస్పర్థ రాలేదు. పైగా ఆ స్టూఅర్టే తన న్యాయగ్రంథాలు అరువిచ్చి లింకన్‌ను న్యాయవాదిని చేశాడు; తరువాత తన భాగస్వామిగా కూడ తీసుకొన్నాడు.

రాజధాని వాండేలియాకు వెళ్లడానికి తగిన దుస్తులు అతనికి లేవు. కోల్మన్ స్మూట్ అనే రైతు వద్ద 200 డాలర్లు అప్పు పుచ్చుకొని కొత్త దుస్తులు కుట్టించుకొన్నాడు. వోటు ఇచ్చినవారే వస్త్రానికి కూడ పెట్టుబడి పెట్టారు!

1836 లో మూడవసారి నిలిచినప్పుడు లింకన్ ప్రజాప్రతినిధి ధర్మాన్ని స్పష్టం చేశాడు. ప్రజల అభిప్రాయం తనకు తెలిసిన విషయాలలో దానిని అనుసరిస్తాననీ, తెలియని చోట వారికి మేలని తన వివేకానికి తోచినది చేస్తాననీ ప్రకటించాడు. పన్ను చెల్లించే లేక ఆయుధం పట్టే తెల్లవారందరికీ వోటు ఉండాలనీ, అందులో స్త్రీలను మినహాయించరాదనీ అన్నాడు. నల్లవారికి అందులో చోటివ్వలేదు. ఆనాటికి అతని దృష్టికి అది హద్దు. ఆ ఎన్నికలో కౌంటీ మొత్తం మీద అత్యధికమైన వోట్లు అతనివే.

గెలిచిన తరువాత కథ అంతా శుభప్రదం కాదు. సాంగమాన్ ప్రతినిధులు తొమ్మండుగురూ ఆరడుగులవారు. లోకం వారికి పొడుగు తొమ్మండుగురని పేరు పెట్టింది. రాజధానిని స్ప్రింగ్‌ఫీల్డుకు తరలించడం వారి సంకల్పం. 1837 ఫిబ్రవరి 28 వ తేదీన అది నెరవేరింది. అదే సమావేశంలో కాలువలకూ, రైలు మార్గాలకూ కోటి డాలర్లకు మించిన వ్యయంతో ఒక మహాప్రణాళిక ఆమోదం పొందింది. లింకన్ దానిని ఉత్సాహంతో సమర్థించాడు. కౌంటీ ప్రజలు కోరినదీ అదే. ఆ ఏడే దేశంలో ఆర్థిక విపత్తు వచ్చింది. పనులు సగంలో ఆగాయి. రాష్ట్రం అప్పులలో కూరుకొనిపోయి తేరుకోవడానికి దశాబ్దాలు పట్టింది. అయిదేళ్ల క్రితం రైలు ఖర్చు చూసి వెనుకాడిన యువకుని జాగ్రత్త, శాసనసభ్యునిలో సడలిపోయింది. ప్రజలు కోరినదెల్లా ప్రజలకు మేలు కాదన్న పాఠం అతనికి ఖరీదైనదిగా దొరికింది.

మరొక విషయంలో అతడు ప్రజల ప్రవాహానికి ఎదురు నిలిచాడు. ఆ జనవరిలో బానిసత్వ నిర్మూలన సంఘాలను ఖండిస్తూ శాసనసభ ఒక తీర్మానం చేసింది. దిగువసభలో 77 మంది అనుకూలురు, ఆరుగురు ప్రతికూలురు. ఆ ఆరుగురిలో లింకన్ ఒకడు. మార్చి 3 వ తేదీన డాన్ స్టోన్ అనే తోటి సభ్యునితో కలిసి తన నిరసనను సభాపత్రాలలోకి ఎక్కించాడు. బానిసత్వం అన్యాయం మీదా, చెడు రాజనీతి మీదా నిలిచినదని అందులో వ్రాశాడు. నిర్మూలన ప్రచారం ఆ కీడును పెంచునే గాని తగ్గించదని కూడ కలిపాడు. రాజధాని వోటు ముగిసిన తరువాతనే నిరసన వెలువరించడంలో లౌక్యం ఉన్నమాట నిజమే. అయినా తక్కిన సభ్యులలో మరెవరూ దానికి సంతకం చేయలేదు. ఈ వోటు అతనికి లాభం తెచ్చేది కాదు. ప్రజల నమ్మకాన్ని గడించడం ఒక ఎత్తు; గడించిన నమ్మకంలో కొంత సత్యం కోసం ఖర్చు పెట్టడం మరొక ఎత్తు.

1838 లో, 1840 లో కూడ లింకన్ శాసనసభకు ఎన్నికయ్యాడు. 1840 నాటికి అతడు తన అనుభవాన్ని ఒక పద్ధతిగా తీర్చాడు. తన పక్షంవారికి మిత్రులతో కలిసి పంపిన సూచనాపత్రంలో, కౌంటీని చిన్న చిన్న భాగాలుగా విభజించి, ప్రతి భాగానికీ ఒక ఉపసంఘం ఏర్పరచి, వోటర్ల పేర్లన్నీ జాబితా వ్రాసి, ఎవరు ఎటు ఉన్నారో నిశ్చయించుకొని, సందేహంలో ఉన్నవారితో వారు విశ్వసించే మనుషులచేత మాట్లాడించి, ఎన్నిక నాడు ప్రతి వోటరూ వచ్చేట్టు చూడాలని నిర్దేశించాడు. ఇది యుక్తి మాత్రమే అనిపించవచ్చు. కాని దాని ప్రాణం న్యూ సేలంలో ఉన్నది. విశ్వసించే మనిషి చెప్పిన మాటకే విలువ అన్నది 300 లో 277 వోట్ల అంకె అతనికి నేర్పినదే.

తనను నిలబెట్టిన గ్రామం నిలువలేదు. పడవలు రాని నదిని నమ్ముకొన్న న్యూ సేలం, లింకన్ స్వయంగా వీధులు కొలిచిన పీటర్స్‌బర్గు పట్టణం పెరిగేకొద్దీ తరిగి, 1840 నాటికి దాదాపు నిర్మానుష్యమైంది. 1837 ఏప్రిల్‌లోనే లింకన్ అరువు గుఱ్ఱం మీద స్ప్రింగ్‌ఫీల్డు చేరి న్యాయవాదిగా స్థిరపడ్డాడు. కాని పాతవారిని మరువలేదు. 1858 లో జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్ కుమారుని మీద హత్యానేరం మోపబడింది. జాక్ అప్పటికే గతించాడు. అతని భార్య హన్నా ఒకప్పుడు లింకన్‌కు అన్నం పెట్టి, చిరిగిన బట్టలు కుట్టిన ఇల్లాలు. లింకన్ ఆ కేసు తానే వాదించాడు. వెన్నెలలో హత్య చూశానన్న సాక్షి మాటను, ఆ వేళకు చంద్రుడు అస్తమించబోతున్నాడని పంచాంగం చూపి ఖండించాడు. యువకుడు విడుదలయ్యాడు. లింకన్ రుసుము పుచ్చుకోలేదు.

1860 నవంబరు 6 వ తేదీన దేశం అతనిని అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. ఇల్లినాయిస్‌లో నోటితో పేరు పలికే పద్ధతి అప్పటికి పోయి, చీటీల పద్ధతి వచ్చింది. స్ప్రింగ్‌ఫీల్డు న్యాయస్థానంలో వోటు వేయడానికి వచ్చిన లింకన్, చీటీ పైభాగాన తన అధ్యక్ష పదవికి సంబంధించిన పేర్లున్న ముక్కను కత్తిరించి, తక్కిన అభ్యర్థులకు మాత్రమే వోటు వేశాడు. తనకు తాను వోటు వేసుకొనడం అతనికి రుచించలేదు. దేశం గెలిచిన ఆ రోజున సాంగమాన్ కౌంటీలో మాత్రం అతడు స్వల్పమైన తేడాతో ప్రత్యర్థి డగ్లసు కంటె వెనుకబడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్ల క్రితం ఇంట గెలిచి రచ్చ ఓడినవాడు, ఇప్పుడు రచ్చ గెలిచి ఇంట ఓడాడు.

కాని 1832 నాటి ఇల్లు అప్పటికి లేదు. అతని పేరును నోరారా పలికిన ఆ 277 మంది చెదరిపోయారు. వారి పల్లె పొలాలలో కలిసిపోయింది. తరువాతి నాలుగేళ్లలో అంతర్యుద్ధం, బానిసల విముక్తి, 1865 ఏప్రిల్ 15 న మరణం—ఇవన్నీ చరిత్ర పుస్తకాలలో విస్తారంగా ఉన్నాయి. వాటికంటె ముందు, పక్షం వేరైనా పొరుగువానిని నమ్మి, పదిమంది వింటుండగా అతని పేరు పలికిన ఒక చిన్న గ్రామం ఉన్నది. ఆ నమ్మకం తప్పు కాదని చూపడానికి లింకన్‌కు శేషజీవితమంతా పట్టింది.